తెర ఆగి ప్రశ్నించినప్పుడు

వీడియో పాఠం చెప్పుకుంటూ పోతుంది. విన్నవారికి అర్థమైనదో లేదో దానికి తెలియదు. ఆ లోపాన్ని పూరించడానికి యాభై ఏళ్ళుగా జరుగుతున్న ప్రయత్నం ఇది.

సూరత్ రైల్వే స్టేషనుకు తూర్పుగా, తాపీ నదీతీరం వెంబడి విస్తరించిన పేట వరాఛా. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాలలో తొమ్మిది సూరత్ నగరంలోనే మెరుగు దిద్దుకుంటాయని చెబుతారు. ఆ పనిలో చాలా భాగం వరాఛా వీధులలోని కార్ఖానాలలో జరుగుతున్నది. అమ్రేలీ, భావనగర్ వంటి సౌరాష్ట్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారే ఇక్కడి పనివారిలో ఎక్కువమంది. గిరగిర తిరిగే సానచక్రం ఒకటి, దాని చుట్టూ నలుగురు మనుషులు. ఆ చక్రాన్నీ బల్లనూ కలిపి ఇక్కడివారు 'ఘంటి' అంటారు.

ఘంటి దగ్గర కొత్తగా చేరిన కుర్రవానికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. అతడు పట్టుకారులో బిగించిన రాయిని చక్రానికి ఆనిస్తాడు. కొన్ని క్షణాల తరువాత పైకి తీసి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంలో పరీక్షించుకుంటాడు. అనుమానం కలిగితే పక్కనున్న పెద్దవాని చేతికిస్తాడు. ఆయన ఒక్క చూపు చూసి, కోణం తప్పిందనో, మరికొంచెం అరగాలనో చెప్పి తిరిగి ఇస్తాడు. రాయి మళ్ళీ చక్రం మీదికి పోతుంది. చేయడం, చూపించడం, దిద్దుకోవడం అనే ఈ మూడూ రోజుకు ఎన్నిసార్లు జరుగుతాయో లెక్క ఉండదు. గుండ్రని వజ్రానికి 57 ముఖాలు తీర్చడం ఆ కుర్రవానికి అలాగే అలవడుతుంది.

సాయంత్రం అటువంటి పనివాని ఇంటిలో ఏడవ తరగతి చదివే బాలిక తండ్రి సెల్‌ఫోన్‌లో భిన్నాల మీద వీడియో పాఠం వింటున్నదనుకుందాం. ఉపాధ్యాయుడు చక్కగానే చెబుతున్నాడు. బొమ్మలు స్పష్టంగా ఉన్నవి. అయితే నాలుగవ నిమిషంలో ఒక మెట్టు ఆమెకు అందలేదు. పాఠం ఆగలేదు. ఐదవ నిమిషంలో చెప్పినది నాలుగవ నిమిషం మీద ఆధారపడి ఉన్నది కనుక అదీ అందలేదు. ఇరవయ్యవ నిమిషంలో పాఠం ముగిసింది. తెర మీద 'పూర్తయినది' అన్న గుర్తు కనిపించింది.

తండ్రి పనిచేసే చోట తప్పు జరిగిన క్షణంలోనే బయటపడుతుంది. కూతురు చదివే చోట అది పరీక్ష వరకు బయటపడదు. ఆన్‌లైన్ వీడియో పాఠాల సాఫ్ట్‌వేర్‌లో నేడు జరుగుతున్న మార్పులన్నింటికీ మూలమైన చిక్కు ఇదే. పాఠం మధ్యలో ప్రశ్న వేసి, జవాబు కోసం వేచి, ఆ జవాబును బట్టి ముందుకో వెనక్కో నడిచే పాఠాన్ని ఎలా తయారుచేయాలి?

ఒక్క వైపునే మాట్లాడిన ఉపగ్రహం

ఈ చిక్కు సెల్‌ఫోన్‌తో పుట్టినది కాదు. 1975 ఆగస్టు 1న భారతదేశం ఒక మహాప్రయోగం ప్రారంభించింది. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు వినియోగించుకుని, ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించింది. 'సైట్' అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగానికి సాంకేతిక కేంద్రం గుజరాత్‌లోని అహ్మదాబాద్. చూసినవారిలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణులు కూడా ఉన్నారు. తెలుగు కార్యక్రమాలకు హైదరాబాద్‌లో నిర్మాణకేంద్రం వెలిసింది. కోళ్ళగూళ్ళకు వాడే తీగవలతో అల్లిన మూడు మీటర్ల ఏంటెన్నాలు పాఠశాలల దగ్గర లేచినవి. ఉదయం వేళ బడిపిల్లల కోసం ఒక్కొక్క భాషలో 22½ నిమిషాల కార్యక్రమం వచ్చేది.

కరెంటే ఎరుగని పల్లెలో ఆకాశం నుంచి బొమ్మ దిగివచ్చినప్పుడు పిల్లలు కళ్ళప్పగించి చూశారంటే వింత లేదు. అయితే ఉపగ్రహానికి నోరు ఉన్నది గాని చెవులు లేవు. పిల్లవాడు చేయెత్తి అడగబోయినా, అడిగేది ఎవరిని? ఆ లోటును తీర్చవలసినవాడు తరగతిలోని ఉపాధ్యాయుడు. ప్రసారానికి ముందు పిల్లలను సిద్ధపరచి, ప్రసారం తరువాత ప్రశ్నలు వేసి చర్చ నడిపే బాధ్యత ఆయనది. ఆ ప్రయోగంలోనే దాదాపు 50 వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో టెలివిజన్ సాయంతో శిక్షణ ఇచ్చారు. పెట్టె ఎంత గొప్పదైనా దాని పక్కన మనిషి ఉండాలని నాటి నిర్వాహకులు గుర్తించారన్నమాట.

తెలుగు దేశానికి ఈ సంగతి కొత్తది కాదు. బుర్రకథలో కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. ఇరుపక్కలా ఉన్న వంతలు అందుకుని, సందేహాలు అడిగి, వేళాకోళమాడి, కథను ఆపి నడిపిస్తారు. అవధానంలో పృచ్ఛకులు లేనిదే పద్యమే లేదు. అడిగేవారు ఉన్నప్పుడే చెప్పేవాని శక్తి బయటపడుతుందని మన పెద్దలు ఏనాడో గ్రహించారు.

టేపు ఆపిన ఇంజనీర్లు

ఆగడం వల్ల ఎంత లాభమో లెక్కలతో సహా తేలినది 1970లలో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో. ఆ విశ్వవిద్యాలయం సమీపంలోని కంపెనీల ఇంజనీర్లకు టెలివిజన్ ద్వారా ఉన్నత విద్య నేర్పుతుండేది. హ్యూలెట్-పాకార్డ్ సంస్థ తన శాఖ నొకదానిని శాంతా రోజా అన్న దూరపు పట్టణానికి తరలించడంతో అక్కడివారికి ప్రసారం అందకపోయింది. అప్పుడు ప్రొఫెసర్ జేమ్స్ గిబ్బన్స్ ఒక ఉపాయం ఆలోచించారు. తరగతి ఉపన్యాసాలను వీడియో టేపులకెక్కించి పంపించారు. కొద్దిమంది కలిసి కూర్చుని టేపు చూస్తారు. ఆ సంస్థలోనే పనిచేసే ఒక ఇంజనీరు వారికి సహాయకుడుగా ఉంటాడు. ఎవరికి సందేహం వచ్చినా టేపు ఆపవలసిందే. చర్చించి, తేల్చుకుని, తరువాతనే ముందుకు సాగాలి.

ఫలితం చూసి అందరూ విస్తుపోయారు. ఈ పద్ధతిలో చదివినవారు విశ్వవిద్యాలయ తరగతిగదిలో ప్రత్యక్షంగా పాఠం విన్నవారికంటె మంచి మార్కులు తెచ్చుకున్నారు. గిబ్బన్స్ బృందం ఈ అనుభవాన్ని 1977లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. టేపులోని ఉపన్యాసం, తరగతిలోని ఉపన్యాసం ఒక్కటే. తేడా అంతా ఆపగలగడంలోనూ, ఆపినప్పుడు మాట్లాడుకోవడంలోనూ ఉన్నది.

మూడు దశాబ్దాల తరువాత ఆ సూత్రమే ఉత్తరప్రదేశ్ పల్లెలకు చేరుకున్నది. 2005లో ర్యాండీ వాంగ్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు లక్నోలోని స్టడీ హాల్ పాఠశాలతో కలిసి 'డిజిటల్ స్టడీహాల్' అనే కార్యక్రమం ప్రారంభించారు. మంచి ఉపాధ్యాయుల పాఠాలను చిత్రించి డీవీడీలలో పల్లె బడులకు పంపేవారు. అక్కడి ఉపాధ్యాయిని బొమ్మను తరచు ఆపి, తెర మీది ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్ననే తన పిల్లలను అడిగేది, వారిని బోర్డు దగ్గరకు పిలిచేది. ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేకపోయినవి. ఆపుడు మీట ఒక్కటే ఆ తరగతిలోని సాంకేతిక విశేషం.

ఉపగ్రహం నుంచి అరచేతికి

ఉపగ్రహాలకు చెవులు కూడా క్రమంగా వచ్చినవి. 1990లలో అహ్మదాబాద్ నుంచి నడిచిన శిక్షణ తరగతులలో బొమ్మ ఒక వైపునే పోయినా, అభ్యాసకులు టెలిఫోన్‌లో ప్రశ్నలు అడిగే ఏర్పాటు ఉండేది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి కేవలం విద్య కోసమే 'ఎడ్యుశాట్' ఉపగ్రహాన్ని ప్రయోగించారు. దానితో దూరపు కళాశాలలోని విద్యార్థి స్టూడియోలోని ఆచార్యునితో నేరుగా మాట్లాడగలిగాడు. 2010లో ఆ ఉపగ్రహం సేవ చాలించింది.

కాని ఒక ఆచార్యుడు, వేల తరగతిగదులు! ఎంతమంది ప్రశ్నలకు ఆయన జవాబు చెప్పగలడు? నలుగురు అడిగేసరికి గంట గడిచిపోతుంది. మాట్లాడే వీలు ఉండడం వేరు, ప్రతి ఒక్కరికీ వంతు రావడం వేరు.

ఈ ముడిని విప్పే మార్గమొకటి 2011లో ప్రపంచం దృష్టికి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన సెబాస్టియన్ థ్రన్, ఆయన సహచరుడు పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై తమ పాఠాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా తెరిచారు. 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. గంటసేపు సాగే ఉపన్యాసాలకు బదులు వారు చిన్న చిన్న వీడియోలు చేశారు. రెండు మూడు నిమిషాలకు ఒక ప్రశ్న. విద్యార్థి జవాబిచ్చిన తరువాతనే వివరణ. అడిగేది యంత్రమే గనుక లక్షమందికీ ఒకేసారి వంతు వచ్చింది. అయితే చివరివరకు నిలిచినవారు ఇరవై వేల పైచిలుకే. ప్రశ్నలు చేర్చినంతమాత్రాన సమస్య అంతా తీరలేదనడానికి ఇది కూడా సాక్ష్యమే.

ప్రశ్న వల్ల ప్రయోజనం ఎంత? హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ స్పునార్ బృందం 2013లో ప్రకటించిన పరిశోధన ఇందుకు సమాధానం చెప్పింది. గణాంకశాస్త్రం మీద 21 నిమిషాల వీడియో ఉపన్యాసాన్ని నాలుగు భాగాలు చేశారు. కొందరికి ఒక్కొక్క భాగం తరువాత చిన్న పరీక్ష పెట్టారు. మరికొందరికి పెట్టలేదు. మధ్యమధ్య పరీక్ష ఉన్నవారిలో మనసు పక్కదారి పట్టడం దాదాపు సగానికి తగ్గింది. వారు వ్రాసుకున్న నోట్సు పెరిగింది. చివరి పరీక్షలో మార్కులూ పెరిగినవి. ప్రశ్న రాబోతున్నదని తెలిసిన మనిషి వినే తీరే వేరు. మరుసటి సంవత్సరం ఫిలిప్ గువో, ఆయన సహచరులు 69 లక్షల వీడియో వీక్షణాలను పరిశీలించి, వీడియో ఎంత పొడవైనదైనా విద్యార్థులు సాధారణంగా ఆరు నిమిషాలకు మించి నిలవడం లేదని చూపించారు.

ఈ సంగతులన్నీ పండితుల పత్రికలలో ఉండగానే 2020 మార్చి వచ్చింది. దేశమంతటా బడులు మూతబడ్డవి. వరాఛాలో సానచక్రాలూ ఆగిపోయినవి. గుజరాత్‌లో దూరదర్శన్ గిర్నార్, ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి, తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళు బడిపాఠాలను ఇళ్ళకు చేర్చినవి. సెల్‌ఫోన్లు కూడా చేరినవి. 'అసర్' సర్వే ప్రకారం గ్రామీణ విద్యార్థుల ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా, 2020 నాటికి 61.8 శాతమైనవి. ప్రభుత్వ బడులూ, ప్రైవేటు సంస్థలూ లక్షల వీడియోలు తయారుచేసినవి. కాని వాటిలో ఎక్కువ భాగం 1975 నాటి ఉపగ్రహం లాగే ఒక్క వైపునే మాట్లాడినవి. ఈసారి పక్కన ఉపాధ్యాయుడు కూడా లేడు.

తెర వెనుక జరిగే పని

వీడియోను మాట్లాడించడం పామరునికి ఇంద్రజాలంగా తోచవచ్చు. నిజానికి దాని సూత్రం సులువు. తెర మీద వీడియోను నడిపే సాఫ్ట్‌వేర్‌ను 'ప్లేయర్' అంటారు. అది నడుస్తున్నంతసేపూ ఎన్ని సెకండ్లు గడిచినవో లెక్క చెబుతూనే ఉంటుంది. 2014లో 'హెచ్‌టీఎంఎల్ 5' ప్రమాణం ఖరారైన తరువాత ప్రతి బ్రౌజరులోనూ ఈ సౌకర్యం సహజంగానే ఏర్పడింది. పాఠం తయారుచేసేవారు ఒక పట్టిక వ్రాసి పెడతారు. 240వ సెకండు దగ్గర ఆగాలి, ఈ ప్రశ్న చూపాలి, ఈ జవాబు వస్తే ముందుకు సాగాలి, ఆ జవాబు వస్తే ఫలానా చోటికి వెళ్ళాలి. గడియారం 240కి చేరగానే ప్లేయర్ బొమ్మను నిలిపి, దాని మీద ప్రశ్నను పరుస్తుంది. జవాబు అందిన తరువాత పట్టిక చెప్పినట్లు నడుస్తుంది. ఎవరు ఏ ప్రశ్నకు ఏమి జవాబిచ్చారో ఒక పుస్తకంలో వలె నమోదు చేస్తుంది.

ఈ పని కోసం ప్రతి బడీ కొత్తగా సాఫ్ట్‌వేర్ వ్రాయించనక్కరలేదు. నార్వే దేశంలో 2013లో ప్రారంభమైన 'హెచ్5పీ' వంటి ఉచిత సాధనాలు ఉన్నవి. ప్రోగ్రామింగ్ రాని ఉపాధ్యాయుడు సైతం వాటితో తన వీడియోలో ప్రశ్నలు పొదగవచ్చు.

ఇందులో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ప్రశ్నల పట్టిక వేరు, వీడియో వేరు. వీడియో పదుల మెగాబైట్లు ఉంటే, ప్రశ్నల పట్టిక కొద్ది కిలోబైట్లకు మించదు. ఒక ప్రశ్న బాగాలేదని తేలితే మళ్ళీ చిత్రీకరణ అక్కరలేదు. పట్టికలో ఒక వాక్యం మారిస్తే చాలు. డేటా ఖర్చుకు వెనుకాడే ఇంటిలో వీడియోను ఒకసారి దింపుకుని ఎన్నిసార్లయినా చూడవచ్చు. జవాబులను ఫోనులోనే దాచి, సిగ్నల్ అందినప్పుడు పంపేటట్లు సాఫ్ట్‌వేర్‌ను మలచవచ్చు.

తప్పు జవాబు విలువ

యంత్రం ఆగడం తేలిక. ఆగి ఏమి అడగాలన్నదే కష్టం.

మన బాలిక వింటున్న భిన్నాల పాఠమే తీసుకుందాం. నాలుగవ నిమిషంలో వీడియో ఆగి, 1/2 కూ 1/3 కూ కలిపితే ఎంత అని అడిగిందనుకుందాం. నాలుగు జవాబులు చూపింది: 5/6, 2/5, 2/6, 1/6. సరియైనది 5/6. అయితే మంచి ఉపాధ్యాయునికి మిగతా మూడింటి మీదనే ఎక్కువ ఆసక్తి. 2/5 అన్న విద్యార్థి పైఅంకెలను ఒకటిగా, కిందఅంకెలను ఒకటిగా కూడినాడు. 2/6 అన్నవానికి కింద ఆరు రావాలని తెలుసు గాని, పైఅంకెలను మార్చాలని తెలియదు. 1/6 అన్నవాడు కూడికకు బదులు గుణకారం చేశాడు. మూడు తప్పులు, మూడు వేర్వేరు రోగాలు. అన్నింటికీ ఒకే మందు పనిచేయదు.

కాబట్టి 2/5 నొక్కిన విద్యార్థికి 'తప్పు, మళ్ళీ ప్రయత్నించండి' అన్న మాట వల్ల ప్రయోజనం లేదు. సగం రొట్టె పళ్ళెంలో పెట్టి, దానికి మరొక ముక్క చేర్చి చూపించే అరనిమిషం వీడియో అతనికి కావాలి. సగానికి ఇంకా కొంత చేరిస్తే సగానికంటె తగ్గుతుందా? 2/5 సగానికంటె తక్కువ గదా! ఈ వైరుధ్యం కళ్ళకు కట్టినప్పుడు విద్యార్థి తన తప్పును తానే పట్టుకుంటాడు. ఇలా జవాబును బట్టి దారి చీలే పాఠాన్ని తయారుచేయడానికి ప్రోగ్రామర్ ఒక్కడు చాలడు. పిల్లలు ఎక్కడ తడబడతారో ఏళ్ళ తరబడి చూసిన ఉపాధ్యాయుడు అతని పక్కన కూర్చోవాలి.

ప్రశ్నలు మాత్రమే కాక చేతితో కదిలించే బొమ్మలు కూడా పాఠంలో చేరుతున్నవి. వరాఛాకు తగిన ఉదాహరణ వజ్రమే. వజ్రం అడుగుముఖాలను ఏ కోణంలో తీర్చాలన్నది దాని మెరుపునకు ప్రాణం. 1919లో మార్సెల్ టోల్కౌస్కీ లెక్కలు కట్టి, ఆ కోణం 40.75 డిగ్రీలు ఉంటే మేలని చెప్పాడు. వజ్రం లోపల కాంతి సుమారు 24.4 డిగ్రీలకంటె ఎక్కువ వాలుగా ముఖాన్ని తాకితే వెనుకకు మళ్ళుతుంది, తక్కువైతే బయటికి జారిపోతుంది. ఈ వాక్యాన్ని పదిసార్లు చదివినా కొత్తవానికి బోధపడకపోవచ్చు. తెర మీద వజ్రపు బొమ్మ, కింద ఒక జారుడు మీట ఉంచితే చాలు. మీటను జరిపిన కొద్దీ కోణం మారుతుంది, కాంతిరేఖ దారి మార్చుకుంటుంది. అడుగు మరీ చదునైతే కాంతి కిందికి కారిపోవడం, మరీ లోతైతే రెండవ ముఖం నుంచి తప్పించుకోవడం అతడు తన చేతితోనే కనుగొంటాడు. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన 'ఫెట్' ప్రయోగచిత్రాలు ఈ సూత్రం మీదనే నడుస్తున్నవి.

హంగులు, ఆటంకాలు

సాఫ్ట్‌వేర్‌లో పెట్టగలిగినదంతా పెట్టడం మంచిది కాదు. 2008లో యూట్యూబ్ వీడియోల మీద నొక్కదగిన చీటీలు అంటించే సౌకర్యం కల్పించింది. ఔత్సాహికులు వాటితో ప్రశ్నల పాఠాలు, దారులు చీలే కథలు కూడా అల్లినారు. కాని అవి సెల్‌ఫోన్లలో పనిచేయలేదు. చూసేవారు వాటిని చికాకుగా భావించి మూసివేస్తుండేవారు. 2017లో కొత్తవి అంటించడం ఆపివేశారు. 2019 జనవరి 15న పాతవి కూడా మాయమైనవి. అలాగే 'ఫ్లాష్' అన్న సాఫ్ట్‌వేర్‌తో రెండు దశాబ్దాలపాటు తయారైన పాఠాలెన్నో 2020 చివర దానికి మద్దతు నిలిచిపోవడంతో మూగబోయినవి. ఒక్క సంస్థ దయ మీద ఆధారపడిన హంగు ఆ సంస్థతోనే పోతుంది. అందుకే అందరికీ తెరిచి ఉన్న ప్రమాణాల మీద పాఠాన్ని నిర్మించడం మేలు.

మరొక ప్రమాదం ప్రశ్న కోసం ప్రశ్న వేయడం. ఉపాధ్యాయుడు తొడుక్కున్న చొక్కా రంగేమిటన్నట్లుగా ఉండే ప్రశ్న విద్యార్థి మేలుకొని ఉన్నాడని తెలుపుతుందే తప్ప నేర్చుకున్నాడని తెలుపదు. నిమిషానికి ఒకసారి ఆగే పాఠం ఆలోచన తెగగొడుతుంది. నక్షత్రాలు, పతకాలు, చప్పట్లు మితిమీరితే పిల్లలు పతకం కోసం నొక్కడం నేర్చుకుంటారు. జవాబు చెప్పనిదే కదలనివ్వని పాఠంలో ఏదో ఒకటి నొక్కి ముందుకు పోవడం పిల్లలకు చిటికెలో పని.

కనిపించనివారికీ, వినిపించనివారికీ దారి మూసుకుపోకూడదు. చూపులేని విద్యార్థి ఫోను తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతాడు. బొమ్మ మీద బొమ్మగా అతికించిన ప్రశ్న ఆ సాఫ్ట్‌వేర్‌కు కనిపించదు. దానిని అక్షరాలుగా వ్రాయాలి. పది సెకండ్లలో జవాబు చెప్పాలన్న గడువు చేతులు వణికే పిల్లవానికి శిక్ష. వినికిడి లేనివానికి మాటలు తెర కింద అక్షరాలై రావాలి.

ఇక పిల్లల జవాబులను నమోదు చేసే ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి? ఎక్కడ తడబడ్డారో తెలిపే ఆ వివరాలు ఉపాధ్యాయునికి దీపం వంటివి. అవే వ్యాపారి చేతిలో పడితే సరుకు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతిని ప్రధాన సూత్రంగా పెట్టింది. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు అవసరమైన దానికంటె ఒక్క ముక్క కూడా ఎక్కువ దాచకపోవడమే ఉత్తమం.

ఏడు భాషల నగరం

ఇవన్నీ దూరపు విషయాలుగా తోస్తే సూరత్ నగరాన్ని మరొకసారి చూడాలి. ఇది వలసల నగరం. వజ్రాల పనికి సౌరాష్ట్ర నుంచి వచ్చినట్లే, మరమగ్గాల పనికి ఒడిశా నుంచీ, మహారాష్ట్ర నుంచీ, ఉత్తరాది నుంచీ జనం వచ్చారు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉన్నవి. అందుకే సూరత్ పురపాలక సంస్థ బడులలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నది.

ఇటువంటి చోట ఒక్క భాషలో చేసిన వీడియో అందరికీ సరిపోదు. అట్లని ప్రతి పాఠాన్నీ ఏడుసార్లు చిత్రించడం భారం. బొమ్మ నుంచి ప్రశ్నలను విడదీసిన సాఫ్ట్‌వేర్ విలువ ఇక్కడే తెలుస్తుంది. వివరించే గొంతు మార్చి, తెర కింది అక్షరాలు మార్చి, ప్రశ్నల పట్టికను అనువదిస్తే అదే బొమ్మ ఏడు భాషలలో పాఠం చెప్పగలదు. అనువాదం మక్కికిమక్కిగా ఉంటే చాలదు. గుజరాతీ పిల్లకు రోట్లా, తెలుగు పిల్లకు జొన్నరొట్టె అయితేనే భిన్నం ముక్క చేతికందుతుంది. తల్లిదండ్రుల భాషలో ప్రశ్న వచ్చినప్పుడు పొయ్యి దగ్గరున్న తల్లి కూడా ఒక చెవి అటు వేసి, 'అదేమిటి, మళ్ళీ అడుగు' అనే అవకాశం ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ కల్పించలేని సౌకర్యమది.

ఉపాధ్యాయుని చేతికి వచ్చేది ఏమిటి? రాత్రి ముప్ఫైమంది ఇళ్ళలో పాఠం విన్నారు. తెల్లవారి ఆయన ఫోను తెరిచి చూస్తే, మూడవ ప్రశ్న దగ్గర పద్దెనిమిది మంది 2/5 అన్నారని కనిపించిందనుకుందాం. ఆ రోజు తరగతిలో మొదట ఏమి చెప్పాలో ఆయన వేరే ఆలోచించనక్కరలేదు. ఎవరు చేయెత్తరో, ఎవరు తల వంచుకుని కూర్చుంటారో ఆ పిల్లలు కూడా ఈ లెక్కలో ఉన్నారు. నలుగురిలో నోరు విప్పడానికి సిగ్గుపడే బాలిక తెర అడిగినప్పుడు జవాబిచ్చింది. అది తప్పు జవాబే కావచ్చు. కాని ఇన్నాళ్ళూ ఆమె తప్పు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

లక్నో పల్లెలో ఉపాధ్యాయిని వేలు ఆపుడు మీట మీద ఉన్నది. శాంతా రోజాలో ఇంజనీర్లు టేపు ఆపి మాట్లాడుకున్నారు. నేటి సాఫ్ట్‌వేర్ ఆ వేలికి బదులు తానే ఆగడం నేర్చుకున్నది. అయితే ఆగిన తరువాత జవాబును చదివే మనిషి లేకపోతే ఆ ఆగడం వ్యర్థం. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. చదువు విషయంలో అడగడం ఎంత అవసరమో, అడిగినవారు జవాబు వినడం కూడా అంతే అవసరం.

వరాఛాలో ఘంటి దగ్గర కుర్రవాడు మళ్ళీ రాయిని పైకి తీశాడు. భూతద్దంలో చూశాడు. అనుమానం తీరక పక్కకు తిరిగి చేయి చాచాడు. పెద్దవాడు తన పని ఆపి ఆ రాయిని అందుకున్నాడు.